పలకరించని బెంచీ

బేస్‌బాల్ ఆటలో ఐదో ఇన్నింగ్స్ ముగించి ఎమ్రిస్ వచ్చి కూర్చోగానే, బెంచీ మీద ఉన్నవాళ్లంతా కాస్త అవతలికి జరిగారు.

"ఇంటి నుంచి కబురేమన్నా వచ్చిందా?" అన్నాడు ఎమ్రిస్.

ఎవరూ పలకలేదు. మేనేజరు టర్నర్ టోపీ తీసి, దాన్నే చూస్తూ, మళ్లీ పెట్టుకున్నాడు.

ఎమ్రిస్ నాలుగేళ్ల కూతురు నెల్‌కు గొంతులో తెల్లటి పొర కట్టిందని పొద్దునే తంతి వచ్చింది. తిరుగు రైలు సాయంత్రం గాని లేదు. బంతి విసరడం తప్ప అతను చేయగలిగింది లేదు. "కబురు అందిన నిమిషంలో నీ చెవిన వేస్తాగా" అన్నాడు టర్నర్.

ఇప్పుడు నోరు మెదపడు. ఎందుకో ఎమ్రిస్‌కు తెలుసు.

బంతి విసిరే పిచ్చర్ అవతలి జట్టుకు ఒక్క హిట్టూ, అంటే బంతిని కొట్టి పరుగెత్తి బేస్ అనే మజిలీ చేరే వీలు, ఇవ్వకుండా నెట్టుకొస్తుంటే, ఆట అయ్యేదాకా వాడితో ఎవరూ మాట్లాడరు. మాట్లాడితే దిష్టి. ఒక్క హిట్టు పడిందంటే మళ్లీ మామూలే. గనుల్లో పనిచేసే ఈ జట్టుకు ఆ పట్టింపు మరీ ఎక్కువ.

రెండో ఇన్నింగ్స్‌లో ఒకడు బేస్ చేరాడు నిజమే. కానీ బంతి ఫీల్డింగ్‌లో ఉన్న డఫీ చేతికి తగిలి జారింది. మనవాడి తప్పు వల్ల చేరితే అది హిట్టు కాదు.

"చేతులకి వెన్న పూసుకొచ్చావా?" అన్నాడు ఎమ్రిస్ అప్పుడు.

"నువ్వు విసిరింది బంతా, బొగ్గు పెళ్లా? అరచెయ్యి వాచిపోయింది" అన్నాడు డఫీ. అందరూ నవ్వారు.

నాలుగో ఇన్నింగ్స్ నుంచి ఆ డఫీ కూడా మొహం తిప్పేసుకుంటున్నాడు.

"బొగ్గు మొహాల్లారా, గనిలోకి పోండి" అని పట్నం జనం అరుస్తున్నారు. మూడేళ్లుగా కప్పు వాళ్లదే.

ఎవరో చెంబుతో నీళ్లు తెచ్చి ఎమ్రిస్ పక్కన పెట్టి వెళ్లారు. మామూలుగా ఎవడి నీళ్లు వాడే ముంచుకోవాలి. ఇదీ దిష్టి భయమే కాబోలు అనుకున్నాడు. చెంబు ఎత్తి, మళ్లీ కింద పెట్టేశాడు. నెల్ ఇప్పుడు గుక్కెడు నీళ్లన్నా మింగగలుగుతోందో లేదో.

ఎనిమిదో ఇన్నింగ్స్‌లో ఇంకోసారి అడిగాడు. టర్నర్ లేచి కంచె దాకా నడిచి వెళ్లిపోయాడు.

ఆఖరి బంతిని పట్నం వాడు గాల్లోకి లేపాడు. డఫీ పట్టాడు. ఒకటి, సున్నా. గనుల వాళ్లు గెలిచారు. ఊరి నుంచి వచ్చినవాళ్లు కంచె దూకి పరుగెత్తుకొస్తున్నారు. జట్టులో మాత్రం ఒక్కడూ గెంతలేదు.

ఎమ్రిస్ వెళ్లి డఫీ భుజాలు పట్టుకున్నాడు.

"అయిపోయింది కదరా, ఇక దిష్టీ లేదు గిష్టీ లేదు. ఒక్క హిట్టూ ఇవ్వకుండా గెలిచాం. ఇప్పుడన్నా చెప్పు, నెల్‌కి ఎలా ఉందిట?"

డఫీ తల ఎత్తలేదు.

"రెండో ఇన్నింగ్స్‌లో నా చేతికి తగిలి జారింది చూడు, లెక్క రాసేవాడు దాన్ని అప్పుడే హిట్టు కింద వేశాడ్రా, ఆ సంగతి నీకు తప్ప మా అందరికీ తెలుసు."