మొదటి పెట్టె

సింగపూర్ రేవు పక్కన కాఫీ కొట్లో కొత్త మనిషి కాఫీ అడిగాడు.

కప్పు అతని చేతికందేలోపే బూన్ కియాట్ లాక్కుని నేలమీద ఒంపేశాడు.

"క్రేన్ నడపడానికి జపాన్ నుంచి వచ్చింది నువ్వేనా?"

"నేనే. పేరు వోంగ్."

బూన్ కియాట్ కళాసీల ముఠాకి మేస్త్రీ. ఆ దీవిలో దిగిన బియ్యం, ఎక్కిన రబ్బరు వాళ్ళ వీపుల మీదుగా వెళ్ళినవే. తెల్లవాళ్ళ సైన్యం ఖాళీ చేసి ఏడాది కాలేదు, వాళ్ళ దగ్గరి కొలువులన్నీ పోయి పని దొరకడమే గగనంగా ఉంది. ఇప్పుడిక సరుకంతా ఇనప పెట్టెల్లో వస్తుందట. ముఠా వారం పట్టి దించే ఓడని క్రేన్ ఒక్కపూటలో దించేస్తుందట.

"ఆ ఇనప కొంగ మా నోటికాడ కూడు తన్నుకుపోతుంటే చూస్తూ కూచుంటామనుకున్నావా?"

"నేనెక్కకపోతే ఓడలు ఇంకో రేవుకి పోతాయి. అప్పుడేం మోస్తారు?"

"నీతులు చెప్పడానికొచ్చాడ్రా," అన్నాడు వెనక బల్లల దగ్గర కూచున్న ముఠాలోంచి ఉస్మాన్. ముఠా నవ్వింది.

"రేపు క్రేన్ దగ్గరికి రా, చెప్తాం."

"వస్తాను."

వచ్చాడు. క్రేన్ నిచ్చెనకి అడ్డంగా బూన్ కియాట్ ముఠాతో నిలబడి ఉన్నాడు.

"తప్పుకో మేస్త్రీ."

"తప్పుకోను."

వోంగ్ నిచ్చెన మీద చెయ్యి వేశాడు. బూన్ కియాట్ చొక్కా పట్టి వెనక్కి ఈడ్చాడు. రాతిగట్టు మీద పడ్డ వోంగ్ మణికట్టు పుటుక్కుమనడం అందరికీ వినబడింది.

అతను లేచాడు.

"అయిందా?" అని, రెండో చేత్తో నిచ్చెన పట్టుకుని ఎక్కసాగాడు.

ఈసారి ఆపడానికి ఎవరికీ చేతులు రాలేదు.

మొదటి పెట్టె గాల్లోకి లేచి, నెమ్మదిగా గట్టుమీద దిగింది.

కిందికి దిగాక, "కాలు జారింది," అని మాత్రం రేవు ఇంజనీరు చాన్‌తో చెప్పి ఆసుపత్రికి వెళ్ళాడు.

నెల తిరిగాక చాన్ ముఠాని పిలిపించాడు.

"సోమవారం నుంచి మీ అందరికీ క్రేన్ పని నేర్పిస్తాం."

"ఇదేం కొత్త ఎత్తు? తీసేస్తారన్నారుగా?" అన్నాడు బూన్ కియాట్.

"తీసేద్దామనే అనుకున్నాం. మీకు నేర్పిస్తామని మాటిస్తేనే క్రేన్ ఎక్కుతానని వోంగ్ మొదటిరోజే మొండికేశాడు."

"ఆయనెక్కడున్నాడు?"

"నిన్నటి ఓడలో వెళ్ళిపోయాడు. ఆ చేత్తో ఇక క్రేన్ నడపలేడు."

బూన్ కియాట్ ఓ అడుగు ముందుకేశాడు.

"ముక్కూమొహం తెలియని మాకోసం ఆయనకెందుకండీ అంత పట్టుదల?"

"జపాన్‌లో ఈ పెట్టెలొచ్చినప్పుడు రోడ్డున పడ్డ ఒక కళాసీల ముఠాకి మేస్త్రీ ఆయనే," అన్నాడు చాన్.