ఐసుగదిలో రెండు కుండీలు

"రెండూ బతికే ఉన్నాయేంటయ్యా!"

జగన్నాథరావు గారి కేకకి రేపల్లె ఐసు ఫ్యాక్టరీలో చేపల పెట్టెలు సర్దుతున్నవాళ్ళు కూడా చేతులాపి చూశారు. వాచ్‌మన్ ఆశీర్వాదం రెండడుగులు వెనక్కి వేశాడు. మొక్క బతికినందుకు తిట్టే మనిషిని అతనింతవరకూ చూడలేదు.

"బతికితే మంచిదే కదండీ" అని నసిగాడు.

"ఏంటి మంచిది? ఇది చచ్చిపోవాలయ్యా!" తెల్లదారం కట్టిన కుండీని చూపిస్తూ అరిచారాయన. "ఆ ఎర్రదారం కట్టింది నా హైబ్రిడ్ పామ్, అందానికి పెంచే తాటిజాతి చెట్టు. దాని తల్లి మంచుకి జంకని మొండిఘటం, తండ్రి నిటారుగా ఎదిగే అందగాడు. ఎక్కడో చలిదేశాలవాళ్ళు ఈ రెండింటికీ పెళ్ళి చేశారు. కంచరగాడిదకి మల్లే దీనికి మళ్ళీ పిల్లలుండవు. మొక్క కావాలంటే ప్రతిసారీ తల్లిచెట్టు గెలలో మగపూలు గిల్లేసి, తండ్రి పుప్పొడి బ్రష్షుతో అద్ది, సంచి కట్టాల్సిందే. నిచ్చెనలెక్కి నా మోకాళ్ళు అరిగిపోయాయి. ఈ తెల్లదారంది వట్టి తండ్రి రకం, చలికి మాడిపోవాలి. ఇది చచ్చి అది బతికితేనే నా హైబ్రిడ్ గట్టిదని తేలేది. రెండూ బతికితే పరీక్ష గంగలో కలిసినట్టే!"

పాపం, ఆయన కష్టం చిన్నదేం కాదు. వ్యవసాయ పాఠాలు చెప్పి రిటైరయ్యాక, బాపట్లలో ఇంటి పెరడంతా ఈ చెట్లకే ఇచ్చేశారు. బాపట్లలో చలెక్కడుంది? స్వెట్టరు వేసుకున్నవాణ్ణి చూసి నవ్వే ఊరది. అందుకే పాత శిష్యుడి ఐసు ఫ్యాక్టరీలో ఆ రెండు కుండీలూ పెట్టించారు. రాత్రిళ్ళు ఐసుగదిలో, పగలు ఎండలో ఉంచమని ఆశీర్వాదానికి అప్పగించారు. ఫలితం చూద్దామని ఇవాళ తెనాలిలో బండి మారి మరీ వచ్చారు.

"మంచు పడే ఆ లంబసింగిలో, నా మొక్కలు కొంటానన్న అభిరామ్ తోట కోసం గుంతలు తీయించి కూర్చున్నాడు. వద్దని ఈ నోటితోనే చెప్పాలి" అంటూ ఐసు దిమ్మ పక్కన బల్ల మీద కూలబడ్డారు. "రేపు ఆ తల్లిచెట్టు కొట్టించేస్తాను. ఇంక నావల్ల కాదు."

ఆ మాట వినగానే ఆశీర్వాదం తల తిప్పాడు. టీ తెచ్చిన భార్య కుమారి వైపు చూశాడు. ఆమె కళ్ళనిండా నీళ్ళు.

"చెప్పేయ్ మావా" అంది మెల్లగా. "ఆదివారం చర్చిలో ఏ మొహం పెట్టుకుని కూర్చుంటాం?"

ఆశీర్వాదం ఆయన కాళ్ళ దగ్గర కూర్చుండిపోయాడు. "తప్పు నాదేనండీ. ఆ తెల్లదారం మొక్క రాత్రిళ్ళు గదిలో లేదండీ."

"ఏంటీ?"

"సాయంత్రం లోపల పెట్టేవాణ్ణండీ. తలుపేశాక మనసొప్పేది కాదు. పసిబిడ్డని ఐసులో పడుకోబెట్టి తాళమేసినట్టుండేది. తీసుకెళ్ళి మా పొయ్యి పక్కనెట్టి గోనెపట్టా కప్పేవాణ్ణండీ. తెల్లారి ఎండలో పెట్టేవాణ్ణి. మిమ్మల్ని మోసం చేస్తున్నానని తెలుసండీ. అన్నం ముద్ద దిగట్లేదు."

జగన్నాథరావు గారు బల్ల మీంచి ముందుకి వంగారు. గొంతు తగ్గించి అడిగారు.

"ఏ దారం అన్నావు?"

"తెల్లదండీ."

"నిజంగా?"

"బైబిలు మీద ప్రమాణమండీ."

ఆయన ఒక్క ఉదుటున లేచి ఆశీర్వాదాన్ని కావలించుకున్నారు. "ఓరి పిచ్చి సన్నాసీ! పొయ్యి పక్కన పడుకున్నది బతకడంలో వింతేముంది? ఐసుగదిలో ఉండి బతికింది ఎర్రదారమయ్యా! నా హైబ్రిడ్ గెలిచింది!"

"ఇంకో మాటండీ, అసలు..."

"నువ్వేం మాట్లాడకు. ఇవాళ నువ్వేం చేసినా ఒప్పే!" అప్పటికే ఫోను చెవిన పెట్టేశారు. "అభిరామ్! మంచు పడుతోందా అక్కడ? పడనీ! నా మొక్క ఐసుగదిలో పడుకుని లేచిందయ్యా. తోటకే కాదు, రోడ్డు పొడుగునా గుంతలు తీయించు. నా పూచీ!"

ఆశీర్వాదం రెండుసార్లు నోరు తెరిచాడు. రెండుసార్లూ ఆయన చెయ్యి అడ్డం పెట్టారు. కుమారి టీ గ్లాసు పట్టుకుని మొగుడి వైపే చూస్తోంది.

ఫోను జేబులో వేసుకుని, ఆ గ్లాసందుకుని, ఆయన తృప్తిగా ఒక గుక్క తాగారు. ఎర్రదారం మొక్క ఆకుల్ని ముద్దుగా నిమిరారు.

"అంతా బాగుందిగానీ ఆశీర్వాదం, ఇదేం పాపం చేసిందయ్యా? దీని మీద జాలెయ్యలేదా నీకు?" అని నవ్వారు.

ఆశీర్వాదం తల దించుకున్నాడు.

"వేసిందండీ. కానీ రెండు కుండీలూ నేనొక్కణ్ణే మొయ్యలేను కదండీ... ఎర్రది కుమారి మోసేది."