తీగ రెండు కొసలు

తెల్లవారేలోగా నాటకానికి పాట రికార్డు చేసి పంపకపోతే, ఆ అవకాశం ఇంకొకరిదైపోతుంది. సంగీతం మాస్టారికేమో తన అక్క వాడిన డిజిటల్ పియానోను రికార్డింగ్ పెట్టెకు కలపడంలోనే అర్ధరాత్రి దాటిపోయింది. తమ్ముడు తప్పు వాయిస్తే మంద్రస్వరాన్ని రెండుసార్లు మోగించి మందలించే ఆ అక్క నిరుడే పోయింది.

మీటలు నేరుగా మోగకుండా, పెట్టె నుంచి తీగలో వచ్చే స్వరాలే మోగేలా పియానోను అమర్చారాయన. ఇక ఎన్ని మీటలు నొక్కినా ఉలుకూ పలుకూ లేదు.

“ఇంకా మూగనోమేనా?” పక్కగదిలోంచి భార్య అడిగింది.

“దీని దుంపతెగ! ఏ కొస ఎందులో దూర్చాలో చచ్చినా అంతుబట్టదు!”

విసురుగా తీగను రెండువైపులా పీకేసి, ఎడమచేత పట్టుకున్నారు. ఉక్రోషం ఆగక కుడిచేత్తో ఆ మూగ మీటల మీదే పల్లవి వాయించబోయారు. వేలు తప్పు మీట మీద పడింది.

మంద్రస్వరం రెండుసార్లు మోగింది.

“హమ్మయ్య, పలికింది! అయినా అచ్చం వదినలా ఆ రెండు దెబ్బలేమిటండీ?”

మాస్టారు తన ఎడమచేతి వైపు చూసుకున్నారు. తీగ రెండు కొసలూ ఎడమ పిడికిట్లోనే ఉన్నాయి. కుడిచేతి వేలు ఆ తప్పు మీట మీదే ఉండిపోయింది. తీయాలన్నా భయమే, మళ్లీ నొక్కాలన్నా భయమే.