నడి దూలం

"మా నాయన్ని చంపింది ఈయనే సార్!"

మహేష్ తన బాబాయి చొక్కా పట్టుకుని ఎస్సై ముందుకు లాగాడు. కొండలు విడిపించుకోలేదు. ఆయన చూపంతా వాకిట్లో చాప మీద పడుకోబెట్టిన అన్న హనుమయ్య మీదే ఉంది. మొహం మీదికి లాగిన దుప్పటి పాదాలకు చాలలేదు. బతికుండగా ఆ మనిషిని నిండుగా చూసి ఏళ్ళు గడిచిపోయాయి. ఇప్పుడు చూద్దామన్నా ఆ పాదాలే మిగిలాయి.

తెల్లవారుజామున కురిసిన వానకు వెల్దుర్తిలోని వాళ్ళ పాత మిద్దె సగం కూలిపోయింది. కూలింది హనుమయ్య ఉండే పడమటి సగం. కొండలు ఒక్కడే ఉండే తూర్పు సగం నిక్షేపంగా నిలబడింది. లోపల చుక్క నీరు కూడా కారలేదు. చూడవచ్చిన వాళ్ళకు అదొక్కటి చాలు, చెవులు కొరుక్కోవడానికి.

"ఇల్లెవరిది?" అడిగాడు ఎస్సై.

"కట్టింది ఎవురో పత్తి సేటంట సార్. మాచర్ల నాపరాళ్ళ గోడలు, టేకు దూలాలు, పైన చౌడు మట్టి. మా ముత్తాత ఎడ్లమ్మి కొన్నాడు. తాత పోయినాక మా నాయనకీ ఈయనకీ చెరి సగం. నడి దూలం కింద గోడ పెట్టి పంచుకున్నారు. ఆ దూలం నాదంటే నాదని కోర్టుకెక్కారు. అప్పట్నుంచీ మాటల్లేవు."

"మరి ఈ సగమే ఎందుకు కూలింది?"

"మట్టి బరువుకు సార్. వానలకు ముందు ఏటా పైన కొత్త చౌడెయ్యాలి, లేకపోతే కురుస్తది. మాకు నేను కూలోళ్ళతో ఏయిస్తా. ఈయనేమో మేం ఇంట్లో లేకుండా చూసి, దాని మీద ఇంకో పొర ఏసిపోతన్నాడు. పోయిన నెల ఈపూరు పెళ్ళికి పోతే తట్టలతో మోశాడంట. బజారంతా చూసింది, అడగండి!"

చుట్టూ ఉన్నవాళ్ళు తలలు దించుకున్నారు. చూశారు మరి.

"ఏసావా?" అన్నాడు ఎస్సై.

"ఏసా సార్."

చుట్టూ ఒక్కసారి కలకలం రేగింది. కొండలు అది విన్నట్టు కూడా లేడు.

"ఎందుకేసావు?"

"కురుస్తదని. అన్న ఆయాసం మనిషి. నిచ్చెనెక్కలేడు. ఈడేమో ఫోన్లోంచి తలెత్తడు, ఏం పట్టించుకుంటాడులే అనుకున్నా. కూలోళ్ళని పెడతన్నాడని నాకు తెలీదు సార్. మాటల్లేకపాయె, ఎవుర్ని అడిగేది?"

"వినండి! కోర్టుకెక్కిన మనిషి మాకు మట్టి మోశాడంట!" మహేష్ నవ్వబోయాడు. నవ్వు కాస్తా ఏడుపైంది. "అంత మంచోడివి నీ ఇంటికి ఎయ్యలేదేం?"

"నాదేముందిరా, లారీ డ్రైవర్ని, ఒంటిగాణ్ణి. కురిస్తే లారీలో పండుకుంటా. నా మిద్దె మీద నేనేనాడూ తట్ట మట్టి ఎయ్యలా."

ఎవరూ నమ్మలేదు. నమ్మే మాటా కాదు.

అప్పటిదాకా భర్త తల దగ్గర కూర్చున్న రోశమ్మ మరిది వైపు చూసింది.

"మీ అన్న లేచి ఉరికేవాడే కొండలూ. మట్టి రాలంగానే నేనూ మహేషూ బయటపడ్డాం. ఆయనకే ఊపిరాడక కాలు కిందపెట్టలేకపాయె. మొన్న మేం చేలోంచి వచ్చేసరికి మంచంలో పడి రొప్పుతుండాడు. ఒళ్ళంతా దుమ్ము. ఏందయ్యా ఇది, ఇన్‌హేలర్ యాడ పారేసుకున్నావయ్యా అంటే నోరిప్పలా. మాచర్లలో కొత్తది తెద్దామనుకునే లోపు ఈ వాన. రాత్రంతా కూకునే ఉండాడు."

కొండలు చొక్కా మహేష్ చేతిలో ఉండగానే అన్న పాదాల దగ్గర కూలబడ్డాడు. ఊపిరాడని మనిషి గుండెల మీద తన చేతులతోనే ఏటా తట్టలు తట్టలు మట్టి పోశాడన్నమాట.

"రాసుకోండి సార్," అన్నాడు. "పిల్లోడు చెప్పింది నిజమే. మా అన్నని నేనే చంపా."

మహేష్ పట్టు సడలింది. ఎస్సై ఏదో అడగబోతుండగా పైనుంచి కేక వినిపించింది. జేసీబీ తెచ్చిన అమ్జద్, శిథిలాలు కదిలించే ముందు నిలబడ్డ సగం ఎలా ఉందో చూద్దామని మిద్దె ఎక్కాడు.

"కొండలన్నా! నీ పక్కన గూడా దూలం వంగింది! ఇదీ ఇయ్యాలో రేపో పడేట్టుంది. ఎవురూ లోపలికి పోబాకండి!"

"ఎందుకు పడద్దయ్యా?" అన్నాడు కొండలు, తల ఎత్తకుండానే.

"ఎందుకేంది? మోకాలి లోతు మట్టేసుకుని! పైపొర మొన్నేసిందే గదా, ఇంకా సరిగ్గా గట్టి పళ్ళా."

"నేనెయ్యలా."

"నువ్వు కాకపోతే నీ మిద్దె మీద ఎవురేస్తారన్నా?"

మొన్న కొండలు లారీతో హైదరాబాదు దారిలో ఉన్నాడు. ఏటా వానల ముందు లోడుకు పోతూనే ఉంటాడు. తిరిగొచ్చేసరికి ఇంటికి తాళం వేసినట్టే ఉంటుంది. ఎంత వాన కురిసినా లోపల తడి ఉండేది కాదు. సేటు కట్టించిన ఇల్లు కదా, గట్టిదిలే అనుకునేవాడు.

అమ్జద్ నిచ్చెన దిగి, గుంపును తప్పించుకుంటూ వాళ్ళ దగ్గరికి వచ్చాడు.

"ఇది ఎవురిదో, ఆ కొత్త మట్టిలో కూరుకుపోయింది," అంటూ అరచెయ్యి తెరిచాడు.

చౌడు అంటుకున్న నీలం రంగు ఇన్‌హేలర్.