బ్రేకమ్మ

బ్రేకమ్మకి ఆ ఉదయం ప్రార్థన కుదరలేదు.

కళ్లు మూసుకుంటే లారీలు. తెరిస్తే గోడ మీద భర్త ఫొటో. ఆయన్ని రోడ్డే తీసుకుపోయింది. ఇప్పుడు కూతురు అంబులెన్స్ నడుపుతానంటోంది. సోమవారం నుంచే డ్యూటీ.

"ప్రభువా, పిల్లని నీ చేతికి అప్పగించేశాను" అని ఆమె అనని రోజు లేదు. అప్పగించిన కాసేపటికే మళ్లీ వెనక్కి తీసేసుకునేది.

డ్రైవింగ్ స్కూలు నడిపినన్నాళ్లూ నేర్చుకునేవాళ్లు ఆమెని పిలిచింది 'బ్రేకమ్మ' అనే. పాఠం చెప్పేవాళ్ల సీటు ముందు కూడా ఓ బ్రేకు పెడల్ ఉంటుంది. నేర్చుకునేవాడు తడబడితే పక్కనుంచి తొక్కి ఆపడానికి. ఆమె కాలు దాని మీద నుంచి లేచేది కాదు. స్కూలు మూసేసినా అలవాటు పోలేదు. బస్సెక్కినా, చివరికి చర్చిలో కూర్చున్నా, కుడికాలు నేలని నొక్కుతూనే ఉండేది.

పాస్టరమ్మ అది కనిపెట్టింది. "పిల్లని ప్రభువుకిచ్చి, బ్రేకు మాత్రం నీ దగ్గరే ఉంచుకున్నావేంటక్కా?" అంది. నవ్వుతూనే అంది గానీ, ఆ మాట ముల్లులా దిగింది.

కూతురికి కారు నేర్పింది ఆమే. స్కూలు మూతపడ్డాక మిగిలిన పాత కారులో. ఎన్నిసార్లు కాపాడిందో ఆమెకే తెలుసు. బడి ముందు బంతి వెనకాల పరిగెత్తుకొచ్చిన పిల్లాడు. మలుపులో మీదికొచ్చిన ట్యాంకరు. ప్రతిసారీ తను తొక్కింది, ప్రతిసారీ కారు ఆగింది. ఆ సంగతి కూతురికి గుర్తుచేయని పూట లేదు. కూతురు ఒక్కనాడూ ఎదురు చెప్పలేదు.

అందుకే నిన్న భోజనాల దగ్గర ఒప్పందం పెట్టింది. మార్కెట్ రోడ్డు మీదుగా ఆసుపత్రి దాకా ఆ పాత కారే నడపాలి. దారిలో తను ఒక్కసారి కూడా బ్రేకు తొక్కాల్సిన అవసరం రాకపోతే ఉద్యోగానికి వెళ్లొచ్చు. తొక్కాల్సి వస్తే ఇక ఆ ఉద్యోగం మాటే ఎత్తకూడదు.

కూతురు ఒప్పేసుకుంది. అంత తేలిగ్గా ఒప్పుకోవడమే బ్రేకమ్మకి నచ్చలేదు.

కారు బయల్దేరింది. ఆమె రెండు కాళ్లూ సీటు కిందికి లాక్కుంది. అరచేతులు తడిసిపోతున్నాయి. ఎదురొచ్చే ప్రతి బండీ తన పిల్లనే వెతుక్కుంటూ వస్తున్నట్టుంది. 'నీ చిత్తం ప్రభువా, నీ చిత్తం' అనుకుంటోంది. అనుకుంటుండగానే కుడికాలు మెల్లగా ముందుకి జారింది. లాక్కుంది. మళ్లీ జారింది.

"అమ్మా, ఊపిరి తీసుకో" అంది కూతురు, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా.

మార్కెట్ దాటారు. ఆసుపత్రి గేటు కనబడుతోంది. పక్కన ఆగివున్న వ్యాను తలుపు ఉన్నట్టుండి తెరుచుకుంది. ఒక ముసలాయన నేరుగా రోడ్డు మీదికి దిగాడు.

బ్రేకమ్మ కాలు ప్రభువునీ అడగలేదు, ఆమెనీ అడగలేదు. బలంకొద్దీ తొక్కేసింది.

కారు కీచుమని ఆగింది. ముసలాయన బానెట్ మీద చెయ్యి ఆనించి, ఓసారి ఇద్దరినీ ఎగాదిగా చూసి, ఏదో తిట్టుకుంటూ వెళ్లిపోయాడు.

కూతురు కారుని పక్కకి తీసి ఇంజన్ ఆపింది. ఒప్పందంలో బ్రేకమ్మే గెలిచింది. అయినా ఏడుపొస్తోంది. చివరికి ఈ ఒక్క పూట కూడా పిల్లని వదల్లేకపోయింది.

"చూశావా? నేను లేకపోతే ఏమయ్యేది? సోమవారం నీ పక్కన కూర్చుని ఎవరు తొక్కుతారే? ఇక ఆ ఉద్యోగం..."

కూతురు ఆమె తడి చేతిని తన చేతిలోకి తీసుకుంది.

"అమ్మా, నువ్వు ఉన్నపళంగా తొక్కితే వెనకాలవాడు గుద్దేస్తాడని, నేర్చుకోవడం మొదలుపెట్టిన రోజే నీ పెడల్‌కున్న కేబుల్ మెకానిక్ బాబాయితో తీయించేశాను."