సబ్బుతో కడిగిన మోకా

"ఈ మోకాను సబ్బుతో కడిగిందెవరు?"

మరీసా కాఫీ కాచే పాత్రను ముక్కు దగ్గర పెట్టుకుని అడిగింది. ముప్ఫై ఏళ్లుగా దాన్ని వట్టి నీళ్లతో తొలవడమే తప్ప సబ్బు తగలనివ్వలేదు. లోపల పట్టిన కాఫీ పొరే దాని రుచి. జెనోవాలో ఆ సంగతి పిల్లలకైనా తెలుసు.

తను కాదంది కూతురు లీడియా. పరధ్యానంలో తోమేసి ఉంటావంది తల్లి. నా పరధ్యానమంతా ఆర్గను మీదే, గిన్నెల మీద కాదంది కూతురు. వాదన నాలుగేళ్ల కిందట పగిలిన సూపు గిన్నె దాకా పోయింది.

"నేనే కడిగానమ్మా."

ముందుగదిలో కిటికీ చెక్కరెక్కలు బాగుచేస్తున్న ముసలాయన. పొద్దున ఇచ్చిన కాఫీ తాగి, మర్యాదకని పాత్ర తోమిపెట్టాడట. ముప్ఫై ఏళ్లు ఓడల్లో వడ్రంగం చేశాడట. ఓడలో ఏదైనా సబ్బుతో కడగాల్సిందేనట.

మరీసా మోకాను అలమరలో పెట్టి తలుపు చప్పుడయ్యేలా మూసింది. 

లీడియా వెళ్లి ఆర్గను ముందు కూర్చుంది.

అది ఆమె తండ్రి ఒరెస్టె వాయించిన ఆర్గను. ఆయన పెట్టిన రాక్ బ్యాండు పేరు ఉప్పుగాలి. ఒక్కో పాట పావుగంట సాగేది. యాభై ఏళ్లలో పదమూడు మంది వచ్చారు, పోయారు. వేణువు పోయి సింథసైజరు వచ్చింది, అది పోయి గిటార్ల హోరు వచ్చింది. ఆరేళ్ల కిందట ఒరెస్టె చనిపోయాక లీడియా బ్యాండును చేతిలోకి తీసుకుని మళ్లీ ఆర్గనునే ముందుకు తెచ్చింది.

ఒక్కటి మాత్రం ఎవరికీ చేతకాలేదు. మొదటి రికార్డు మొదలయ్యే చోట ఆర్గను స్వరం సముద్రపు అలలా లేచి, కాస్త తటపటాయించి, విరుగుతుంది. ఆ తటపటాయింపు ఒరెస్టెకే మళ్లీ రాలేదు. ఎవరైనా అడిగితే, "ఆ చెయ్యి ఓడెక్కి వెళ్లిపోయింది" అని నవ్వేవాడు. వయసు మీదపడిందని బెంగపడుతున్నాడనుకుని మరీసా ఆయన చేతిని తన చేతిలోకి తీసుకునేది.

మూడు వారాల్లో యాభయ్యో ఏటి కచేరీ. ఆ అల రాకపోతే ఉప్పుగాలి అన్న పేరుతో వేదిక ఎక్కనని లీడియా తేల్చి చెప్పేసింది.

ఆర్గను పక్కనే నిలువెత్తు చెక్కపెట్టె. స్వరం బయటికొచ్చేది అందులోంచే. లోపల ఒక బూర మోటారుతో తిరుగుతుంది. బూర తిరిగే కొద్దీ స్వరం ఊగుతుంది.

లీడియా వాయించింది. స్వరం ఊగింది. అల రాలేదు.

"అమ్మాయీ, అది మరీ నున్నగా తిరుగుతోంది. ఆ మోటారు తీసెయ్యి" అన్నాడు ముసలాయన కిటికీ దగ్గర్నుంచి.

"మీకు సంగీతం వచ్చా?"

"రాదు. తిరిగేవి తెలుసు. కీళ్లు, బందులు."

"అయితే ఆ కిటికీ బందులు చూడండి, పెద్దాయనా."

"మోకా అయింది, ఇప్పుడిక మా ఆయన ఆర్గను కూడానా" అని మరీసా ఒక పోటు పొడిచింది.

ఆయన నవ్వి మళ్లీ పనిలో పడ్డాడు. సాయంత్రానికి కిటికీలు చప్పుడు లేకుండా మూసుకున్నాయి. వెళ్లేముందు ఆ చెక్కపెట్టె మీద అరచెయ్యి ఆనించి ఒక్క క్షణం నిలబడ్డాడు. ఏదైనా జిడ్డు అంటించాడేమోనని ఆయన వెళ్లాక మరీసా గుడ్డతో తుడిచింది.

రెండు వారాల తర్వాత, శుక్రవారం, చేపల కొట్టు పక్క గోడ మీద చావు కబుర్ల కాగితాల్లో మరీసాకు ఆయన ఫొటో కనిపించింది. డెబ్బై ఎనిమిదేళ్లు. తన ఇంట్లో రోజంతా పనిచేసిన మనిషి పేరు ఆమె అక్కడే మొదటిసారి చదివింది. అడగాలనైనా తోచలేదే అనుకుంది.

ఆదివారం భోజనానికి తూల్లియో వచ్చాడు. మూడో రికార్డు నాడు చేరిన డ్రమ్ముల మనిషి, ఇప్పుడు బ్యాండులో అందరికన్నా పాతవాడు. మొదటి రికార్డు నాటి టేపొకటి మూసేసిన స్టూడియో అటకమీద దొరికిందని తెచ్చాడు.

మరీసా అక్రోటు సాస్‌తో పాన్సోత్తి పాస్తా వడ్డిస్తుండగా టేపు తిరిగింది.

ముందు దగ్గు. తర్వాత పాతికేళ్ల ఒరెస్టె గొంతు.

"మోటారు కాలిపోతే పోనీరా. నువ్వు చేత్తో తిప్పు. నెమ్మదిగా... విరిగే ముందు ఒక్క రవ్వ ఆపు. ఆఁ, అదీ."

అల లేచింది. తటపటాయించింది. విరిగింది.

లీడియా ఫోర్కు పక్కన పెట్టి టేపు దగ్గరికి జరిగింది.

"ఇదే ఉంచుదాం, నేవియో" అంది ఒరెస్టె గొంతు. "రేపు నువ్వు ఓడెక్కేస్తే మళ్లీ ఇది ఎవడి తరం?"

ఆ పేరు తనెప్పుడూ వినలేదన్నాడు తూల్లియో. రికార్డు అట్ట మీద ఉన్నవి అయిదు పేర్లే, అందులో అది లేదు.

మరీసా గరిటె కింద పెట్టింది. తడి చేతులు ఏప్రనుకు తుడుచుకుంది.

"శనివారం కచేరీకి మోటారు తీసెయ్యి, లీడియా. బూర నేను తిప్పుతాను. వారం రోజులుంది, నేర్చుకుంటాను."

"నువ్వా అమ్మా?"

"నేనే. పోస్టరు మీద మీ నాన్న పేరుకన్నా ముందు నేవియో పేరు వేయించు."

"ఎవరమ్మా ఈ నేవియో?"

తను ఒరెస్టె భార్యనని ఊళ్లో చెప్పుకునేటప్పుడు ఎలా తలెత్తుకునేదో, అలాగే తలెత్తి చెప్పింది మరీసా.

"మన మోకాను సబ్బుతో కడిగినాయన."