ఒక్క ఏడుపు కోసం

“ఉబ్బు నా కంటపడందే కోత పెట్టను,” అన్నాడు పిల్లల సర్జన్.

ఆపరేషన్ థియేటర్ పక్క గదిలో, రబ్బరు పరుపు మీద కాళ్ళు తన్నుకుంటున్న నాలుగు నెలల పాప ఆయన్ని చూసి బోసినోటితో నవ్వింది.

“నిన్న కూడా వచ్చింది డాక్టరుగారూ! కుడి గజ్జల్లో, నిమ్మకాయంత. గట్టిగా ఏడిస్తే వస్తుంది, ఊరుకోబెడితే పోతుంది,” అంది తల్లి.

“కాదనను. కానీ ఆడపిల్లల్లో హెర్నియా అరుదమ్మా. స్కానులోనూ దొరకలేదు. చూడకుండా పసిబిడ్డకి మత్తు ఎలా ఇవ్వను? ఉందని తేలితే పని చిన్నదే. కాస్త గాటు పెట్టి, పేగు జారే దారి మూసి, కుట్టేస్తాను. పోనీ, ఫొటో ఉందా?”

“పిల్ల గుక్కపట్టి ఏడుస్తుంటే ఎత్తుకుంటామా, ఫొటోలు తీస్తామా?” అంది నాయనమ్మ.

“పోయినవారం వచ్చిన ఉబ్బు ఓ పట్టాన లోపలికి పోలేదండీ. పిల్ల వాంతులు చేసుకుంది. ఈసారి అసలే పోకపోతే?” అంది తల్లి.

ఆ భయం సర్జన్‌కీ ఉంది. “అయితే ఏడిపించండి,” అన్నాడు.

పాప కంట నీటిచుక్క రాకుండా పుట్టినప్పటినుంచి కాపలా కాసిన ఇల్లు అది. ఏడిపించడం ఎవరికి చేతనవుతుంది? నాయనమ్మ కళ్ళు ఉరిమి, నాలుక బారెడు బయటపెట్టింది. పాప కిలకిలలాడింది. తాతయ్య డ్రిల్లు మాస్టారు. ఆయన గొంతెత్తితే వీధికుక్కలు కూడా వరుసలో నిలబడతాయని పేరు. “ఏయ్!” అని గర్జించాడు. పాపకి నవ్వలేక ఎక్కిళ్ళొచ్చాయి. తండ్రి దుప్పటి కప్పుకుని ఎలుగుబంటి అయ్యాడు. నర్సు అరికాలి మీద వేలితో కొడితే, చక్కిలిగింతలనుకుని పాప రెండో కాలు కూడా చాపింది. ఆపరేషన్ కోసం పాలు ఆపారు కదా, ఆకలికైనా ఏడుస్తుందనుకుంటే, పిల్లకి వేడుకతోనే కడుపు నిండిపోయింది.

“ఇంట్లో ఇల్లెగిరిపోయేలా ఏడుస్తుందండీ! పదిమందిలో మా పరువు తీస్తోంది,” అని వాపోయింది నాయనమ్మ.

“ఏడవ్వే నా తల్లీ, ఒక్కసారి ఏడవ్వే,” అని బతిమాలింది తల్లి. ఏ తల్లికీ రాకూడని కోరిక. పాప ఆమె ముక్కు పట్టుకుని ఆడుకుంది.

లోపల ఇంకో బిడ్డ వంతు వచ్చేసింది. సర్జన్ నిట్టూర్చాడు.

“లాభం లేదు. ఇవాళ్టికి ఇంటికి తీసుకెళ్ళండి. ఉబ్బు గట్టిపడితే మాత్రం పరుగున రండి.”

అందరి మొహాలూ వాడిపోయాయి. నాయనమ్మ నోరు మూసుకుంది. తాతయ్య కుర్చీలో కూలబడ్డాడు. తండ్రి దుప్పటి మడతపెట్టాడు. తల్లి కళ్ళు తుడుచుకుంటూ సంచీ సర్దడం మొదలుపెట్టింది. పాపవైపు ఎవరూ చూడలేదు.

పాప అటు చూసింది, ఇటు చూసింది. పెదవి విరిచింది. మరుక్షణం కెవ్వుమని గుక్కపట్టింది. కుడి గజ్జల్లో ఉబ్బు నున్నగా పైకి లేచింది.

“వచ్చింది! వచ్చింది!” ఇంటిల్లిపాదీ మంచం చుట్టూ మూగారు. సంతోషం పట్టలేక నాయనమ్మ మనవరాలి మీదికి వంగి నోరు తెరిచింది.

“మామ్మగారూ, ఆ నాలుక లోపలే ఉంచండి!” సర్జన్ చేతులడ్డం పెట్టాడు. “మీరంతా ఆట ఆపేశారనే కదా పాప ఏడుస్తోంది!”